రెసిడెన్సీ మేడలో ఆడపిల్లల చదువు

మేము నివసించునది సికింద్రాబాదునకు ఉత్తరముననున్న బోయిన్‌పల్లి. ఉదయము ఎనిమిది గంటలగునప్పటికి మా పేటలో బస్సులు ఆగుచోట పుస్తకముల సంచులతో ఆడపిల్లలు గుంపులుగా నిలిచియుందురు. వారిలో కొందరు ప్యారడైజు మీదుగా, హుస్సేన్‌సాగరపు కట్టమీదుగా కోఠి చేరి, అక్కడి మహిళా విద్యాలయములో చదువుకొనుచున్నారు. మా తమ్ముని కూతురు కూడ వారిలో ఒకతె. చేరిన మొదటి వారముననే ఆ పిల్ల ఇంటికి వచ్చి మమ్ము ఒక ప్రశ్న అడిగినది: "పెద్దనాయనా, మా కాలేజీ మెట్లకు అటొక సింహము, ఇటొక సింహము ఎందుకున్నాయి? చదువుకునే చోట సింహాలతో ఏం పని?"

ప్రశ్న చిన్నదే. దాని జవాబు మాత్రము రెండు వందల ఏండ్లకు పైబడిన కథ. ఆ కథను ఆ పిల్లకు చెప్పినట్లే నేడు మీకును విన్నవింపదలచితిమి.

ఈ ప్రశ్న బోయిన్‌పల్లిలోని ఒక ఇంట పుట్టుట సబబుగానే ఉన్నది. ఏలయన, కోఠిలోని ఆ మేడయు, మేము కాపురమున్న ఈ దండుప్రాంతమును ఒక్క తల్లి బిడ్డలు. ఆ తల్లి ఒక కాగితము. 1798వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాము అలీఖాన్ ఆసఫ్ జాకును, ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సైన్యసహకార సంధిపత్రమే అది. అప్పటివరకు నిజాము కొలువున ఫ్రెంచి నాయకుల క్రింద తీర్చిదిద్దిన సైన్యము ఒకటి ఉండెను. ఆ సైన్యమునకు పేరు తెచ్చిన రేమండు అనునతడు ఆ సంవత్సరము మార్చిలోనే మరణించెను. సంధి ప్రకారము ఆ దళములను రద్దుచేసి, వాని స్థానమున కంపెనీ సిపాయిలను నిలుపుటకును, వారి ఖర్చునకై ఏటికి 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించుటకును నిజాము ఒప్పుకొనెను. ఆ సిపాయిలు విడిసిన చోటు హుస్సేన్‌సాగరునకు ఉత్తరపు మైదానము. 1806లో సికందర్ జా నవాబు పేరిట దానికి సికింద్రాబాదు అను పేరు వచ్చెను. ఆ దండు పెరిగి పెరిగి, బారకులు, బజారులు, కవాతు మైదానములు ఏర్పడి, మన బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారము వంటి పేటలు దానిలోను దాని అంచులలోను వెలసినవి. ఇటు సైన్యము, అటు మూసీ ఒడ్డున ఆ సైన్యము పేరుచెప్పి దర్బారులో మాట చెల్లించుకొను రెసిడెంటు. ఒకటి లేక రెండవది లేదు.

సంధులు అంతటితో ఆగలేదు. 1800వ సంవత్సరమున మరియొక ఒడంబడిక జరిగి, సైన్యపు ఖర్చు క్రింద నిజాము బళ్ళారి, కడప మొదలగు సీమలను కంపెనీకి ఇచ్చివేసెను. ఇంగ్లీషువారు ఆ ప్రాంతమును దత్తమండలములని పిలిచిరి. ఆ పేరు మనవారికి నచ్చక, 1928లో నంద్యాల సభలో దానికి రాయలసీమ అని నామకరణము చేసికొనిరి. కావున కోఠి మేడ కథ హైదరాబాదువారి కథ మాత్రమే కాదు. అనంతపురము రైతునకును దానిలో పాలున్నది.

ఈ రెండు సంధులను కంపెనీ పక్షమున నడిపిన రెసిడెంటు జేమ్సు అకిలిసు కిర్క్‌పాట్రిక్కు. ఇతడు 1764లో మద్రాసులో పుట్టినవాడు. పారసీకము, హిందుస్తానీ ధారాళముగా మాటాడెడివాడు. ఇంట హైదరాబాదు ఉమరావుల దుస్తులు ధరించెడివాడు. నిజాము ఇతనికి హష్మత్ జంగు అను బిరుదమిచ్చెను. దర్బారులోని ఉన్నతకుటుంబమునకు చెందిన ఖైరున్నిసా అను కన్యను ఇతడు ముస్లిము మర్యాద ప్రకారము వివాహమాడెను. ఈ సంగతి కలకత్తాకు ప్రాకి, గవర్నరు జనరలు వెల్లస్లీ విచారణ జరిపించెను. ఉద్యోగమునకే ముప్పు వచ్చినను కిర్క్‌పాట్రిక్కు భార్యను విడువలేదు. కంపెనీ లాభమునకై నిజాము రాజ్యమును కట్టడిచేసినవాడును, ఆ రాజ్యపు మాటను, వేషమును, మర్యాదను మనసార వలచినవాడును ఈ ఒక్క మనిషియే. ఆతడు కట్టించిన మేడలో కూడ ఈ రెండు ముఖములు కనబడుచున్నవి.

మేడకు స్థలము సంపాదించిన విధమును గురించి ఒక కథ చెప్పుదురు. రెసిడెంటు తనకు కావలసిన తోట స్థలమును కొలిపించి, పెద్ద పటము వ్రాయించి, నిజాము ముందు పరపించెనట. నవాబు దానిని శ్రద్ధగా చూచి, ఇచ్చుటకు వీలులేదని తల త్రిప్పెనట. రెసిడెంటు చిన్నబోయి వెలుపలికి రాగా ఒక మంత్రి నవ్వి, "ప్రభువువారికి తమ రాజ్యమంతయు ఇంత కాగితముమీదనే చూపించుట వాడుక. ఒక తోటకే ఇంత పటము చూచినచో రాజ్యమంతయు అడుగుచున్నారని జడిసికొనక ఏమి చేయుదురు?" అని చెప్పెనట. అదే స్థలమును చిన్న అట్టముక్కపై గీయించి చూపినంతనే అనుమతి దొరకెనని కథ. నిజానిజములు ఎట్లున్నను, ఆ నవాబు జడుపు నిర్హేతుకమైనది కాదని తరువాతి చరిత్ర ఋజువు చేసినది.

పని 1803లో ప్రారంభమయ్యెను. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూలు రస్సెలు. ఖర్చు మాత్రము నిజాము ఖజానాది. అనగా మన రైతులు కట్టిన శిస్తుది. ఈ మాటను మనము మరువరాదు. మేడ పూర్తికాకముందే 1805 అక్టోబరు 15వ తేదీన కిర్క్‌పాట్రిక్కు కలకత్తాలో మరణించెను. అప్పటికి ఆతనికి 41 ఏండ్లు. తాను కట్టించిన ఇంటిని సంపూర్ణముగా చూచు భాగ్యము ఆతనికి కలుగలేదు.

ఇక మేడను చూతము. మూసీ నది దక్షిణమున ఉన్నది. మేడ ముఖము ఉత్తరమునకు ఉన్నది. ఇరువదికి పైబడిన వెడల్పాటి మెట్లు. వాని ఇరుప్రక్కల మన చిన్నదానిని కలవరపెట్టిన ఆ రెండు సింహములు. మెట్లపైన సుమారు 40 అడుగుల ఎత్తుగల ఆరు స్తంభములు. స్తంభముల తలలపై ఆకులు ముడిచినట్లు చెక్కిన పని. అది ప్రాచీన గ్రీకుదేశమున కొరింతు నగరము పేరిట ప్రసిద్ధమైన రీతి. స్తంభములపై ముక్కోణపు చూరులో ఈస్టిండియా కంపెనీవారి చిహ్నము. లోపల అడుగిడగానే రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు. దానిలో నిలువుటద్దములు, దీపపు గుత్తులు, చిత్రించిన పైకప్పు, చెక్కపలకలు పరచిన నేల. హాలునకు ఆవల ఒక్కటిగా మొదలై రెండుగా చీలి పైకి పోవు మెట్లదారి. ఆ కాలమున ఇంగ్లండులో గొప్ప జమీందార్లు కట్టించుకొనిన మేడల రీతి ఇది. కలకత్తాలో వెల్లస్లీ కట్టించిన గవర్నమెంటు హౌసు 1803లో పూర్తియైనది. అమెరికా అధ్యక్షుని వైట్ హౌసు అంతకు కొలది ఏండ్ల ముందుదే. ముగ్గురు అక్కచెల్లెండ్రవలె ఈ మూడింటికి ముఖమున పోలిక ఉన్నది.

పోలిక బయటిదే. ఒడలు మాత్రము మన దేశపుదే. చూపరులకు పాలరాతివలె మెరయు ఇట్టి కట్టడములు నిజమునకు ఇటుక, సున్నము. ఆనాటి మేస్త్రీలు సున్నపురాయిని కాల్చి, నీట చాలనాళ్ళు మాగనిచ్చి, ఇసుకతో కలిపి, గానుగలో ఎడ్లచే త్రిప్పించి వెన్నవలె నూరించెడివారు. దానినే మనవారు డంగుసున్నమనుచున్నారు. దానిలో బెల్లపు నీరు, కరక్కాయ నానిన నీరు కలుపుట దక్షిణదేశమున వాడుక. పైపూతకు గ్రుడ్డు తెల్లసొన వంటి వస్తువులు చేర్చి, ఆరకముందే నున్నని రాతితో రోజులతరబడి రుద్దెడివారు. అప్పుడుగాని ఆ మెరుగు రాదు. నమూనా గీసినవాని పేరు గ్రంథములలో ఉన్నది. గానుగ త్రిప్పినవారి పేర్లు, గోడ రుద్దినవారి పేర్లు ఎచ్చటను లేవు. రెండు శతాబ్దముల ఎండవానలకు నిలిచినది మాత్రము ఆ పేరులేనివారి పనియే.

ఈ మేడకు ఒక వెనుక ముఖము కూడ ఉండెను. తోటలో ఖైరున్నిసా బేగము కొరకు కట్టించిన జనానా భవనమది. దానిపేరు రంగమహలు. ఫౌంటెనులతో, చిత్రించిన గోడలతో అది హైదరాబాదు రీతిలోనే కట్టబడినది. బేగము ఘోషాస్త్రీ. ముందువైపు వాకిట సిపాయిలు, గుమాస్తాలు, దర్బారు నౌకరులు ఎల్లప్పుడు తిరుగుచుందురు. కాబట్టి తన భర్త కట్టించుచున్న మేడ ముఖమును ఆమె చూచుటకు వీలులేకపోయెనట. అందువలన కిర్క్‌పాట్రిక్కు ఆ మేడకు అచ్చముగా పోలిన చిన్న నమూనాను, స్తంభములతో సహా, జనానా తోటలో కట్టించెనని చెప్పుదురు. ఆ నమూనా శిథిలరూపమున మన కాలమువరకు నిలిచినది. రంగమహలు మాత్రము నిలువలేదు. 1860 ప్రాంతమున తరువాతి రెసిడెంటు ఒకడు అట్టి భవనము తమ జాతి మర్యాదకు తగదని తలచి పడగొట్టించెను.

బేగము కథ కూడ విషాదాంతమే. 1805లో తన ఇద్దరు పసిబిడ్డలను చదువుకొరకై ఇంగ్లండునకు పంపివేసిరి. కుమారునకు నాలుగేండ్లు, కుమార్తెకు మూడేండ్లు. ఆ కొలది నెలలలోనే భర్త పోయెను. 1813లో బేగమును పోయెను. బిడ్డలను మరల చూడలేదు. కుమార్తె కిట్టీ ఇంగ్లండున పెరిగి, కార్లైలు అను సుప్రసిద్ధ రచయితకు పరిచితురాలయ్యెను. ఆయన గ్రంథములలో ఒకదానిలోని నాయిక ఈమె ఛాయయే అని పండితులు చెప్పుదురు. దాదాపు 35 ఏండ్లు గడచిన తరువాత ఆమెకు హైదరాబాదులో తన అమ్మమ్మ షరఫున్నిసా బేగము ఇంకను జీవించియున్నట్లు తెలిసినది. ఒకరి భాష ఒకరికి రాదు. ముసలమ్మ పారసీకమున వ్రాయించును. మనుమరాలు ఇంగ్లీషున వ్రాయును. నడుమ మరియొకరు మార్చి చెప్పవలెను. అట్లు కొన్నాళ్ళు ఉత్తరములు నడచినవి. కాని అమ్మమ్మయు మనుమరాలును ఒకరి నొకరు చూచుకొనుట సంభవింపలేదు.

మేడకు యజమానులు మారుచుండిరి. దాని బలము పెరుగుచుండెను. 1853లో బీరారు సీమ కూడ అప్పులక్రింద కంపెనీ చేతికి పోయెను. ప్రజలలో కోపము కూడెను. 1857వ సంవత్సరము ఉత్తరదేశమున తిరుగుబాటు చెలరేగినపుడు ఆ మంట ఇచటికిని వచ్చెను. జమాదారు చీదాఖాను అను సిపాయిని పట్టి రెసిడెన్సీలో బంధించుటతో జనము రగులుకొనిరి. జూలై 17వ తేదీ సాయంకాలము తుర్రేబాజుఖాను, మౌల్వీ అలాఉద్దీను అను ఇద్దరు నాయకుల వెంట సుమారు 500 మంది రెసిడెన్సీమీదికి నడచిరి. పుత్లీబౌలి దిక్కున ఇద్దరు షావుకార్ల ఇండ్లనెక్కి అచ్చటినుండి కాల్పులు సాగించిరి. దివాను సాలారుజంగు ముందుగానే హెచ్చరిక పంపియుండుటచే రెసిడెన్సీలో ఫిరంగులు సిద్ధముగా ఉండెను. తెల్లవారునప్పటికి దాడి విఫలమయ్యెను. తుర్రేబాజుఖాను పట్టుబడి, యావజ్జీవశిక్ష పొంది, 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొని, తూప్రాను దగ్గర చంపబడెను. మౌల్వీ అలాఉద్దీను అండమాను దీవులకు పంపబడి అక్కడనే కన్ను మూసెను. ఆ దాడి తరువాత రెసిడెన్సీ చుట్టు గోడలను, బురుజులను బలపరచిరి. బొల్లారములో రెసిడెంటునకు మరియొక విడిది కూడ వెలసెను. మన రాష్ట్రపతిగారు దక్షిణ విడిదిగా వచ్చు నేటి రాష్ట్రపతి నిలయము అదియే. దండునకు దగ్గరగా ఉండుట రెసిడెంట్లకు క్షేమమని తోచి ఉండవచ్చును.

ఇచట ఒక విచిత్రము గమనింపదగియున్నది. రెసిడెన్సీ చుట్టునున్న బజారు రెసిడెంటు అధికారము క్రింద ఉండెను. నిజాము ప్రభుత్వపు ఆంక్షలు అచట అంతగా సాగెడివి కావు. ఆ సందున మనవారు పని చక్కబెట్టుకొనిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగు పెద్దలు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినది ఆ రెసిడెన్సీ బజారులోనే. తెలుగు పుస్తకములు చదువుట, తెలుగున సభ జరుపుట సాహసముగా ఎంచబడిన కాలమది. పరాయివాని కోటనీడను మన భాషకు పందిరి వేసికొంటిమి. 1933లో ఆ బజారు తిరిగి నిజామునకు దఖలుపడి సుల్తాను బజారు అను పేరు పొందినది. గ్రంథాలయము నేటికిని అచటనే ఉన్నది.

ఇంతవరకు మేడ కథ. ఇక కళాశాల కథ వేరొక చోట మొదలైనది. 1918లో ఏడవ నిజాము ఉస్మాను అలీఖాను ఫర్మానా ననుసరించి ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1919లో పాఠములు ప్రారంభించెను. ఇంగ్లీషును భాషావిషయముగా ఉంచి, తక్కిన శాస్త్రములన్నిటిని ఉర్దూలో బోధించుట దాని విశేషము. ఆడపిల్లల కొరకు కళాశాల 1924లో మొదలయ్యెను. ఆ రోజులలో ఒక పిల్లను బడికి పంపుటయే ఇంట పెద్ద చర్చ. ఘోషా పాటించు కుటుంబములు, బాల్యవివాహములు పాటించు కుటుంబములు, రెండును పిల్ల పన్నెండేండ్ల దగుసరికి పలక క్రింద పెట్టించుటలో ఒక్కటియే. తెలుగు పిల్లలకు మరియొక అడ్డు ఉండెను. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదున ఆంధ్ర బాలికల పాఠశాల స్థాపించి తెలుగున చదువు చెప్పింప బూనినపుడు, ఇచట గుర్తింపు దొరకక, పూనాలో కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పిల్లలను తయారుచేయవలసి వచ్చెను. మన ఊరి పిల్ల మన భాషలో చదివి పరాయి రాష్ట్రపు పరీక్షకు కూర్చొనవలసిన దినములవి.

1947లో ఇంగ్లీషువారు దేశము విడిచిపోగా రెసిడెంటు పదవి రద్దయ్యెను. మేడ ఖాళీ పడెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరెను. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఈ మేడలోనికి వచ్చెను. కొత్త యజమాని ఏ మంత్రియో, ఏ సేనానియో కావచ్చును. ఏ కచేరీయో వచ్చి దర్బారు హాలులో బల్లలు వేసికొనవచ్చును. అట్లు కాక ఆడపిల్లలకు ఇచ్చిరి. ఆ నిర్ణయము చేసినవారెవ్వరైనను వారికి మనము నమస్కరింపవలెను.

నవాబులు, సేనానులు వచ్చి రెసిడెంటు సమక్షమున నిలిచిన దర్బారు హాలు పిల్లల మాటలతో మారుమ్రోగినది. రాయబారముల గదులలో రసాయనశాస్త్రము, చరిత్ర, తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు పాఠములు నడచినవి. పిల్లల సంఖ్య పెరుగగా ఆవరణములో కొత్త భవనములు లేచినవి. జిల్లాల పిల్లలకు వసతి గృహములు వచ్చినవి. తెలంగాణ పల్లెలలో మొదటిసారి పట్టా పుచ్చుకొనిన ఆడపిల్లలలో ఎందరో ఈ ఆవరణమున చదివినవారు. నేటి బడులలో, వైద్యశాలలలో, న్యాయస్థానములలో, మీ ఇండ్లలో వారున్నారు. ఈ ప్రసంగము వినువారిలోనే ఉండవచ్చును. వారికి మేము చెప్పవలసిన దేమున్నది? ఆ మెట్లు ఎన్నో వారి కాళ్ళకే బాగుగా తెలియును.

కాని నిలిచియున్న ప్రతి ఇంటికిని ఒక ఖర్చు ఉన్నది. ఒక్క కుటుంబపు ఠీవికై కట్టిన ఇంట వేలమంది తిరిగినచో నేల అరుగును. కప్పు కారినపుడు వెంటనే చూడనిచో నీరు దూలములకు దిగును. దూలమునకు చెద పట్టును. చెదపట్టిన దూలము ఒకనాడు గదినే మూయించును. మరమ్మతు పేరిట డంగుసున్నపు గోడకు సిమెంటు పూసినచో కీడే ఎక్కువ. సున్నపు గోడ ఊపిరి తీయును. లోపలి తేమను బయటికి విడుచును. సిమెంటు ఆ ఊపిరిని బిగించును. తేమ లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. పాత మేడలకు శత్రువు ముసలితనము మాత్రమే కాదు, తెలిసీ తెలియని వైద్యము కూడ. రెసిడెన్సీ మేడయు ఇట్టి దశకు వచ్చెను. పెచ్చులూడిన పైకప్పులు, మూతబడిన గదులు మిగిలి, ప్రధాన భవనమున పాఠములు నడపుట కష్టమైనది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండు అను అంతర్జాతీయ సంస్థ, ప్రపంచములో అపాయస్థితిలోనున్న కట్టడముల పట్టికలో దీనిని చేర్చెను. అదే సంవత్సరము విలియం డాల్రింపులు అను చరిత్రకారుడు కిర్క్‌పాట్రిక్కు, ఖైరున్నిసాల వృత్తాంతమును గ్రంథముగా వెలువరింపగా దేశదేశముల వారి దృష్టి కోఠిమీద పడినది.

అటుపిమ్మట చాల ఏండ్లు పట్టినను ఉద్ధరణపు పని జరిగినది. మేడ ముఖము మరల తెల్లబడినది. స్తంభములు, దర్బారు హాలు, మెట్లదారి, పైకప్పు చిత్రములు తిరిగి కన్నుల పండువైనవి. మేము దానిని చూడబోయినపుడు చాలసేపు ఆ మెట్లక్రింద నిలిచితిమి. మాకు కలిగిన మొదటి భావము ఆనందము, రెండవది సందేహము. ఇంత శ్రమపడి నిలిపిన మేడను ఇక ఎవరికొరకు ఉంచవలెను?

కొందరు పెద్దలు ఇట్లు చెప్పుదురు: ఇది చారిత్రక కట్టడము, తాళము వేసి, టిక్కెట్టు పెట్టి, చూడవచ్చినవారికి చూపవలెను, విద్యార్థినులు తిరిగినచో మరల పాడగును. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. బల్లలు ఈడ్చుటకును, గోడలకు మేకులు కొట్టుటకును ఆ హాలు తగదు. మరికొందరు ఇందుకు విరుద్ధముగా, పరాయిప్రభువుల మేడకు ఇంత ధనమేల, ఆ సొమ్ముతో నాలుగు తరగతి గదులు కట్టరాదా అందురు. ఈ మాటలోను బాధ ఉన్నది. చదువుకొను పిల్లలకు మరుగుదొడ్డి, మంచినీరు, ప్రయోగశాల లేనిచోట స్తంభములకు మెరుగు పెట్టుట ఎవరికైనను మింగుడుపడదు.

మా అభిప్రాయము వేరు. ఈ మేడ పరాయివారిది అనుటయే పొరపాటు. ఖర్చుపెట్టినది మన ఖజానా. కట్టినది మన కూలీలు. దాని ఎదుట ప్రాణములొడ్డినవారు మనవారు. దాని నీడను భాషానిలయము కట్టుకొనినవారు మనవారు. దానికి రెండవ ఆయువు పోసినవారు మన ఆడపిల్లలు. ఇంగ్లీషు రెసిడెంట్లు ఈ మేడలో ఉన్నది సుమారు 140 ఏండ్లు. మన పిల్లలు చదువుచున్నది అప్పుడే 75 ఏండ్లు దాటినది. ఇంకను కొన్ని తరములు గడచినచో లెక్క సరియగును. అట్టి మేడను పిల్లల నుండి వేరుచేసి కేవలము వింతగా చూపినచో, దాని కథలో మంచి భాగమునే కొట్టివేసినట్లగును. దినదినము తరగతులకు కొత్త భవనములు ఉండనిండు. దర్బారు హాలులో సంవత్సరమునకు కొన్ని సభలు, సంగీతము, పట్టాల ప్రదానము, ఒక మూల ఈ కళాశాల చరిత్ర చెప్పు ప్రదర్శనము ఉండవచ్చును కదా. ఆ చరిత్రను వచ్చినవారికి విప్పి చెప్పువారు ఆ కళాశాల పిల్లలే కావచ్చును కదా. ఇల్లు నిలుచునది సున్నముచేత మాత్రమే కాదు, ఇంటిలో మసలు మనుష్యులచేత కూడ.

2022లో ఈ కళాశాల తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయముగా రూపొందినది. 2024లో దానికి చాకలి ఐలమ్మగారి పేరు పెట్టుటకు నిర్ణయించిరి. ఐలమ్మ పాలకుర్తి ప్రాంతమున కౌలుభూమి సేద్యము చేసికొనిన స్త్రీ. 1940 దశకమున విసునూరు దేశముఖు మనుష్యులు తన పంటను ఎత్తుకొనిపోవ వచ్చినపుడు ఎదురు నిలిచి, ఆ పంటను దక్కించుకొనిన ధీర. ఆమె ఏ కళాశాల మెట్లును ఎక్కినది కాదు. ఒకనాడు కంపెనీ చిహ్నము క్రింద రాయబారులు నడచిన వాకిట నేడు ఆమె పేరు వ్రాయబడుట చిన్న మార్పు కాదు.

ఇక మా ఇంటి చిన్నదాని ప్రశ్నకు వత్తుము. ఆ సింహములు ఎందుకున్నవి? వచ్చినవానిని భయపెట్టుటకు పెట్టిరి. మెట్లెక్కువాడు మొదటి మెట్టుమీదనే తాను చిన్నవాడనని తెలిసికొనవలెనని పెట్టిరి. ఆ ఉద్దేశము నెరవేరిన దినములును ఉండెను. ఈ కథయంతయు చెప్పి, మేము ఆ పిల్లను ఒక మాట అడిగితిమి: "ఖైరున్నిసా బేగము ఆ ఇంటి ఇల్లాలు. కాని తన ఇంటి ముఖము చూచుటకు ఆమెకు తోటలో ఒక బొమ్మమేడ కావలసి వచ్చెను. నీవు రోజును ఎటునుండి పోవుచున్నావు?"

పిల్ల కొంచెముసేపు ఊరకుండి, "ముందునుంచే, పెద్దనాయనా. ఆ సింహాల నడుమనుంచే" అని చెప్పినది.

మరునాడు ఉదయము ఎనిమిది గంటలకు యథాప్రకారము బస్సునకు పోయినది.